రాయచూరు అంతర్వేదిలో పనిపాటలు

హైదరాబాదునుండి దక్షిణమునకు పోవు రైలు కృష్ణను దాటి రాయచూరు జిల్లాలో ప్రవేశించిన వెంటనే శక్తినగరపు పొగగొట్టములు కనబడును. 1985లో తొలి యంత్రము నడచిన ఈ బొగ్గు విద్యుత్కేంద్రమునకు ఎనిమిది యంత్రములును, 1,720 మెగావాట్ల శక్తియు గలవు. పట్టణమునకు చేరువనే యర్మరసులో మరి 1,600 మెగావాట్ల కేంద్రము 2017 నాటికి సిద్ధమైనది. లింగసూగూరు తాలూకాలో హట్టి బంగారు గనులున్నవి. సింధనూరు, మాన్వి తాలూకాలలో వరి పండును. రాయచూరు మార్కెట్టుకు బండ్లకొలది పత్తి వచ్చును. ఇన్ని గల జిల్లానుండి ఏటేట వేల కుటుంబములు మూటముల్లె గట్టుకొని బెంగుళూరులోను, మన హైదరాబాదులోను మేడలు కట్టుచోట ఇటుకలు మోయ బోవుచున్నవి. అచ్చటి కన్నడిగులు ఈ వలసకు ‘గుళె’ యని పేరు పెట్టుకొన్నారు.

1956 వరకు ఆ జిల్లాయు హైదరాబాదు రాష్ట్రములోనిదే. నేటికిని అచ్చట తెలుగు మాటలాడువారు లెక్కకు మిక్కిలిగ నున్నారు. కావున అచ్చటి కూలివాని బాధ మనకు పరాయిది గాదు. పరిశ్రమలు లేకపోవుటచేత పని లేదని కొందరందురు. ఈ మాట సరికాదు. ఉన్న పరిశ్రమలకే మనుష్యులతో అవసరము తక్కువ. తక్కినదంతయు కాలువనీటిపై నాధారపడియున్నది.

విద్యుచ్ఛక్తి సంగతియే చూడుడు. కేంద్రమును కట్టుచున్నంత కాలము వేలమందికి కూలి దొరకును. కట్టడము ముగిసి యంత్రము తిరుగ నారంభించిన పిదప కావలసినవారు ఇంజనీర్లు, ఫిట్టర్లు, బొగ్గును బూడిదను ఎత్తిపోయు కాంట్రాక్టు కూలీలు మాత్రమే. బొగ్గు మన సింగరేణినుండియు, ఇంకను దూరమునుండియు వచ్చును. కరెంటు తీగలవెంట రాష్ట్రమంతటికి పోవును. బూడిద మాత్రము అచ్చటనే నిలుచును. హట్టియందు కొంత మేలు. రెండువేల యేండ్లనాటి త్రవ్వకముల జాడలున్న ఆ చోట 1947లో కంపెనీ యేర్పడినది. కోలారు గనులు 2001లో మూతబడినతరువాత దేశములో గనినుండి బంగారము తీయుటకు ముఖ్యాధారము హట్టియే. అచ్చటి ఉద్యోగము ఖాయమైనది, జీతము నిక్కమైనది. కాని యొక గని ఎంతమందిని పోషింపగలదు? 2011 జనాభా లెక్కలలో ఆ జిల్లా జనసంఖ్య 19,28,812. పని చేయువారిలో వ్యవసాయకూలీల వర్గమే, సేద్యగాండ్రకంటెను పెద్దది.

ఇక కాలువ మాట. 1953లో తుంగభద్ర ఆనకట్టనుండి నీరు వదలినపిదప ఎడమకాలువ క్రింది నల్లరేగడికి మన కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతముల రైతులు తరలివచ్చి, భూములు కొని, ‘కాంపు’లని పిలువబడు పల్లెలను నిర్మించుకొనిరి. తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులకును సింధనూరువద్దనే ఆశ్రయము దొరికినది. జొన్న పండు చేలు వరిమళ్లైనవి. బియ్యపు మిల్లులు లేచినవి. మనవారి కష్టమును, నేర్పును గూర్చి మనము గర్వపడుట సహజమే. అయినను ఆనాడు చవుకగా భూములమ్ముకొన్న స్థానికులలో కొందరు ఆ మళ్లలోనే కూలికి దిగవలసివచ్చిన మాట దాచరాదు. నాట్లకాలమున మెట్టగ్రామముల స్త్రీలు గుంపులుగా కాంపులకు వత్తురు. ఒకప్పుడు కోతలకు, నూర్పిళ్లకు గూడ వచ్చెడివారు. కోతయంత్రము వచ్చి ఆ నెలరోజుల కూలిని హరించినది. మిల్లులలో చెరిగి రాళ్లేరు చేతులకు బదులు రంగునుబట్టి గింజను వేరుచేయు యంత్రములు నిలిచినవి. హమాలీ మాత్రము బస్తా మోయుచునే యున్నాడు. రైతు యంత్రము తెచ్చుట తప్పని మనమనలేము; అదనుకు కూలీలు దొరకకున్న పంట నేలపాలగును. పోయిన కూలికి బదులేదని ఎవరును అడుగకపోవుటయే చింతింపదగినది.

ఆ కాలువ నీరైనను నిలుకడగా లేదు. 133 టీ.ఎం.సీ.లు పట్టిన జలాశయము పూడికచే 105కు దిగినది. కొరత వచ్చినప్పుడు కాలువ చివరనున్న మాన్వి, రాయచూరు తాలూకాలవారికే ముందుగా నష్టము. 2023లో కర్ణాటక ప్రభుత్వము 223 తాలూకాలను కరవు తాలూకాలుగా ప్రకటించినది; 2024 ఆగస్టు 10న ఆనకట్ట పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినది. రెండవ పంట లేని యేడు కూలికి రెండవ సగము లేదన్నమాటయే.

పత్తి మాత్రము ఇంకను చేతితోనే ఏరబడుచున్నది. ఆడువారి చేతులకు నెలలతరబడి పని గల్పించు పంట యిది. కాని మార్కెట్టు దాటిన పత్తి జిన్నింగు మిల్లులో గింజ విడిచి, ప్రెస్సులో బేలుగా మారి, ఇతర ప్రాంతముల నూలుమిల్లులకు వెడలిపోవుచున్నది. వడుకుట, నేయుట, కుట్టుట యనునవే ఎక్కువమందికి పని నిచ్చునవి. అవియే అచ్చట లేవు. పొరుగున కలబురగిలోని మహబూబ్ షాహీ మిల్లు మూతబడి దశాబ్దములైనది. జిల్లాకు క్రొత్త పరిశ్రమ కావలెనని కోరువారు మరొక విద్యుత్కేంద్రముకంటె నూలుమిల్లునే కోరిన బాగుండును.

చదువుకొన్నవారి విషయము వేరు. 2012 నాటి రాజ్యాంగసవరణచే వచ్చిన 371-జె అధికరణముమూలమున ఆ ప్రాంతపు సర్కారు కొలువులలో నూటికి 75 మొదలు 85 వరకు స్థానికులకే దక్కుచున్నవి. ముల్కీ నిబంధన నెరిగిన మనకిది క్రొత్త గాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయము 2008లో వచ్చినది. ఇవన్నియు మేలే గాని, బడి నడుమ విడిచిన కూలివాని బిడ్డకు ఈ తలుపులు తెరచుకొనవు. 2011లో అక్షరాస్యులు నూటికి అరువది యైనను నిండలేదు.

ఆ లెక్కలనుగూర్చి యొక మాట. జనాభాగణనము ఫిబ్రవరిలో జరిగి మార్చి 1వ తేదీకి లెక్క ముగియును. మెట్టపంటల పని ముగిసి వానలు రానంత వరకు, సరిగా ఆ నెలలలోనే గుళె సాగును. దేవదుర్గము తాలూకాలో తాళము వేసిన ఇంటివారు బెంగుళూరు గుడిసెలో లెక్కింపబడుదురు. లేదా ఎచ్చటను లెక్కింపబడరు. 2027 లెక్కలకును మార్చి 1వ తేదీనే నిర్ణయించితిమని 2025లో ప్రకటించిరి.