పైథాన్ జాబితా నుండి వరుసక్రమంలో అక్షరాల స్వీకరణ: యతిస్థాన పరిశీలన

వ్యాససంగ్రహం: పద్యపాదాలలోని యతిప్రాసలను కంప్యూటర్ సహాయంతో పరిశీలించే పరిశోధకులకు పైథాన్ భాషలోని జాబితా ప్రధాన సాధనం. జాబితాలోని అంశాలను వరుసగా తీసుకొనే పద్ధతిని ఉత్పలమాల పాదం ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పైథాన్, జాబితా, సూచిక, అక్షరం, యతి, ఉత్పలమాల.

1. జాబితా నిర్మాణం:
పైథాన్‌లో 'లిస్ట్' అనే జాబితా తనలో చేర్చిన అంశాల క్రమాన్ని యథాతథంగా నిలుపుతుంది. 'సెట్' అనే సమితి ఆ క్రమానికి హామీ ఇవ్వదు. కాబట్టి ఛందఃపరిశీలనకు జాబితాయే తగినది. అయితే తెలుగు పాఠాన్ని నేరుగా జాబితాగా మారిస్తే అక్షరాలు కాక యూనికోడ్ సంకేతాలు విడివిడిగా వస్తాయి. 'శ్రీరామ' అనే పదంలో ఛందస్సు దృష్ట్యా 3 అక్షరాలుండగా, పైథాన్ లెక్కలో 7 అంశాలు ఉంటాయి. 'శ్రీ' ఒక్కటే శకారం, పొల్లు గుర్తు, రకారం, ఈకారపు గుర్తు అని 4 అంశాలుగా విడిపోతుంది. అందువల్ల గుణింతపు గుర్తులను, ఒత్తులను, సున్న, విసర్గలను వాటి హల్లులతో కలిపి, పాదాంతంలోని పొల్లుహల్లును ముందరి అక్షరంతో చేర్చి, ముందుగా అక్షరాల జాబితాను సిద్ధం చేసుకోవాలి.

2. వరుసగా స్వీకరించే పద్ధతులు:
'ఫర్' ఆవృత్తి జాబితాలోని అంశాలను మొదటి నుండి చివరి వరకు ఒక్కొక్కటిగా అందించి తానే ఆగిపోతుంది. గురులఘు నిర్ణయానికి ఇది చాలు. జాబితాపై 'ఇటర్' ప్రయోగించి, 'నెక్స్ట్' అని పిలిచిన ప్రతిసారీ ఒక్కొక్క అంశం చొప్పున కూడా తీసుకోవచ్చు. మూడేసి అక్షరాలను గణాలుగా విభజించేటప్పుడు ఇది అనుకూలం. అంశాలు ముగిసిన తరువాత మళ్లీ పిలిస్తే 'స్టాప్ ఇటరేషన్' అనే సంకేతం వెలువడుతుంది.

3. సూచిక - యతిస్థానం:
ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. యతిస్థానం 10వ అక్షరం. లాక్షణికులు 1 నుండి లెక్కిస్తే, పైథాన్ సూచిక 0 నుండి మొదలవుతుంది. కాబట్టి యత్యక్షరం సూచిక 9, రెండవదైన ప్రాసాక్షరం సూచిక 1. సూచికగా 20 ఇస్తే దోషసందేశం వస్తుంది. 10 ఇస్తే రాదు. అప్పుడు లభించేది 11వ అక్షరం, అంటే చంపకమాల యతిస్థానం. కవి సరిగా పాటించిన యతి పరిశోధకుని పట్టికలో యతిభంగంగా నమోదవుతుంది. 'ఎన్యూమరేట్'కు ప్రారంభసంఖ్యగా 1 ఇస్తే అక్షరంతోపాటు శాస్త్రసమ్మతమైన స్థానసంఖ్య కూడా లభిస్తుంది. అయితే అది లెక్కను మాత్రమే మారుస్తుంది. జాబితా సూచికను మార్చదు.

ముగింపు:
క్రమాన్ని పైథాన్ కాపాడుతుంది. ఏది అక్షరమో, ఏ స్థానం యతిదో నిర్ణయించవలసింది పరిశోధకుడే. ఫలితాలను సిద్ధాంతవ్యాసంలో చేర్చేముందు కొన్ని పాదాలనైనా చేతితో లెక్కించి సరిచూడడం అవసరం.