మూడు పేటల పురి

రాత్రి వండిన మేకకాళ్ల పులుసు మిగిలితే, చలికాలంలో తెల్లారేసరికి గిన్నెలో జున్నులా గడ్డకడుతుంది. గరిటె తగిలితే వణుకుతుంది. పొన్నేరిలో మాంసం వండే ఏ ఇంట్లోనైనా చూసేదే ఇది. అలా గడ్డకట్టించేది కొల్లాజెన్ అనే ప్రొటీన్. మన చర్మానికీ, ఎముకకూ బిగువునిచ్చేది కూడా అదే. పొయ్యి మీద ఉడికేటప్పుడు దాని పేటలు విడిపోతాయి, చల్లారేటప్పుడు చిక్కుపడి నీళ్లను పట్టేసుకుంటాయి.

ఆ పేటలు మూడనీ, ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకుంటాయో లోకానికి చెప్పింది చెన్నై పట్నంలోనే, గిండీలో. పొన్నేరిలో లోకల్ బండెక్కి సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్‌లో ఇంకో బండి పట్టుకుంటే అందే చోటు.

1952లో శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆచార్యుడిగా వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు. అప్పట్లో అక్కడికి వచ్చిన శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని మాటల్లో అన్నారు. అది రామచంద్రన్ మనసుకు పట్టింది. కంగారూ తోకలోని నారల మీదికి ఎక్స్ కిరణాలు పంపి, పడిన మచ్చలను బట్టి లెక్కలు కట్టారు. 1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి 'నేచర్' పత్రికలో మూడు పేటల నమూనా ప్రకటించారు. మరుసటి ఏడాది దాన్ని సరిదిద్దారు. తాడు పేనేవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది: ఒక్కో పేట ఎడమకు మెలితిరిగి, మూడూ కలిసి కుడి పురి తిరుగుతాయి. అలా ఎదురు తిరిగిన పురి విడిపోదు. పేటలో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసీనే. పురి నడుమ ఉన్న ఇరుకులో పట్టేంత చిన్నది అదొక్కటే.

అయితే ఆ నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ తప్పుపట్టారు. చిన్న మాట కాదు, అన్నవాళ్లు చిన్నవాళ్లూ కాదు. ఇంకొకరైతే వాదనకు దిగేవారు. రామచంద్రన్ అసలు ప్రశ్న వేసుకున్నారు: రెండు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవు? అప్పటిదాకా తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ వెతికి ఆ దూరాలు పోగుచేశారు. ప్రొటీను గొలుసులో ఒక్కో కణుపు దగ్గర రెండు చోట్ల మాత్రమే మెలితిప్పడం వీలవుతుంది. ఆ రెండు కోణాలకూ ఫై, సై అని పేర్లు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా గీసి, పరమాణువులు గుద్దుకునే చోటల్లా కొట్టేస్తూ పోతే మిగిలేది పటంలో నాలుగో వంతు కూడా ఉండదు. ప్రకృతిలోని ప్రొటీన్లు దాదాపుగా ఆ కాస్త చోటులోనే మడతపడతాయి. 1963లో వెలువడిన ఆ పటాన్నే ఇవాళ రామచంద్రన్ పటం అంటున్నాం.

నాకు ముఖ్యమనిపించేది ఆ నమూనాకూ ఈ పటానికీ మధ్య వచ్చిన 1961వ సంవత్సరం. భౌతిక శాస్త్రాల్లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం రామచంద్రన్‌కు ఆ ఏడే దక్కింది. నలభై నిండలేదు, పటం ఇంకా పుట్టలేదు. యువ శాస్త్రవేత్తలకిచ్చే పురస్కారం ఇలా పని నడుస్తుండగానే అందాలి. ముగిసిన పనికి సన్మానాలు ఎలాగూ వస్తాయి. విమర్శ మీద పడ్డ రోజుల్లో వెన్నుతట్టేవాళ్లే కరువు.

తర్వాత అలాంటివి చాలానే వచ్చాయి. భారత జాతీయ విజ్ఞాన అకాడమీ 1974లో యువ శాస్త్రవేత్తలకు పతకాలివ్వడం మొదలుపెట్టింది. అమెరికాలోని బయోఫిజికల్ సొసైటీ కెరీర్ తొలిదశలో ఉన్న మహిళలకు మార్గరెట్ డేహాఫ్ పేరిట ఒక పురస్కారం పెట్టింది. అమైనో ఆమ్లాలకు ఒక్కో అక్షరం చొప్పున సంకేతాలు ఏర్పరిచింది ఆవిడే. సి.ఎస్.ఐ.ఆర్. ఒక బంగారు పతకానికి రామచంద్రన్ పేరే పెట్టింది.

ప్రపంచంలో ఎక్కడ కొత్త ప్రొటీన్ నిర్మాణం కనిపెట్టినా, అది సరైనదో కాదో ముందుగా ఆ పటం మీద పెట్టి చూస్తారు. పటానికి ఒక్కరి పేరే నిలిచింది. 1963 నాటి పత్రం తిరగేస్తే మాత్రం ఆచార్యుడి పేరు పక్కనే మరో ఇద్దరు కుర్రవాళ్ల పేర్లు కనిపిస్తాయి: సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్.