ఫలూదాలో తీపి తగ్గించడం ఎందుకు కష్టం? ఎలా తగ్గించాలి?

ఇంట్లో ఫలూదా చేసేటప్పుడు చక్కెర తగ్గించాలనుకున్నవాళ్ళు చాలామంది అన్నిట్లోనూ సగానికి సగం కోసేస్తారు. పాలల్లో తగ్గిస్తారు, షర్బత్‌లో నీళ్ళు కలుపుతారు, సేవ్‌లో అసలు వెయ్యరు. గ్లాసు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తాగితే మాత్రం చప్పగా, పలచగా ఉంటుంది. పిల్లలు సగంలో వదిలేస్తారు, పెద్దవాళ్ళు మొహమాటానికి పూర్తిచేస్తారు. మర్నాటి నుంచి మళ్ళీ పాత కొలతే. తప్పు చక్కెర తగ్గించడంలో లేదు. ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఉంచాలో చూసుకోకపోవడంలో ఉంది.

ముందు చార్మినార్ దగ్గర గ్లాసులో ఏముంటుందో చూద్దాం. రంజాన్ నెలలో ఇఫ్తార్ అయ్యాక పత్తర్‌గట్టి, మదీనా వైపు వెళ్ళినా, ఇటు షా అలీ బండ వైపు వెళ్ళినా దుకాణాల ముందు పొడుగాటి గ్లాసులు వరసగా కనిపిస్తాయి. అడుగున ఎర్రటి గులాబీ షర్బత్. దాని మీద నానిన సబ్జా, ఆ పైన పిండితో దారాల్లా వత్తిన తెల్లటి సేవ్, తర్వాత చక్కెర వేసిన చిక్కటి పాలు, చివర ఐస్‌క్రీమ్ ముద్ద, తరిగిన పిస్తా. అమ్మే అతను చెంచా వేసి ఇస్తాడు గానీ కలిపి ఇవ్వడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఇరాన్‌లోని షీరాజ్ నగరంలో ఈనాటికీ దొరికే ఫాలూదే దీనికి దగ్గరి చుట్టం. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కొలువులో పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా, ఉన్న మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడే. 1591 నాటి ఆ కట్టడం చుట్టూ పెరిగిన ఊరి తిండిలో పారశీక వాసన ఉండటంలో వింతేమీ లేదు. అయితే షీరాజ్ ఫాలూదేలో పాలుండవు. పిండితో చేసిన సన్నటి దారాలను సగం గడ్డకట్టిన గులాబీ పాకంలో వేసి, నిమ్మరసం పిండి ఇస్తారు. దాని ఒళ్ళంతా చక్కెర పాకమే, తగ్గిస్తే మిగిలేది మంచుగడ్డే. మన ఫలూదాలో పాలున్నాయి, సబ్జా ఉంది. అందుకే ఇక్కడ తగ్గించడానికి చోటుంది.

మామూలు గ్లాసులో చక్కెర ఎంత? రెండు పాళ్ళ చక్కెరకి ఒక పాలు నీళ్ళు పోసి కాచిన చిక్కటి షర్బత్ పెద్ద చెంచాడు, అంటే 15 మి.లీ., తీసుకుంటే అందులో 13 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. రెండు చెంచాలకి 25 గ్రాములు దాటినట్టే. పాలల్లో రెండు చిన్న చెంచాల చక్కెరకి 8 గ్రాములు, ఐస్‌క్రీమ్ ముద్దకి మరో పన్నెండు వేసుకోండి. మొత్తం 45 గ్రాముల చుట్టుపక్కల తేలుతుంది. విడిగా కలిపే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 2,000 కేలరీలు తినే మనిషికి 5 శాతమంటే 25 గ్రాములు. షర్బత్ ఒక్కటే ఆ వాటాను తినేస్తోంది.

షర్బత్‌లో అంత చక్కెర ఎందుకు పోస్తారు? తీపి కోసమే కాదు. పాకం చిక్కగా ఉంటే అందులోని నీటిని చక్కెర పట్టేసుకుంటుంది, సూక్ష్మజీవులకు నీరందదు. అందుకే సీసా నెలల తరబడి బయటే ఉన్నా పాడవదు. మన ఆహార ప్రమాణాల్లో కూడా షర్బత్‌లో కరిగి ఉండే పదార్థం 65 శాతానికి తగ్గకూడదని ఉంది. 1907లో ఢిల్లీలో హకీం అబ్దుల్ మజీద్ తయారుచేసిన రూహ్ అఫ్జా షర్బత్ ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఊరూరూ తిరిగిందంటే ఆ చిక్కదనం చలవే. ఇవాళ మన ఇంట్లో ఫ్రిజ్ ఉంది. నిల్వ కోసం వేసే చక్కెర మనకి అక్కర్లేదు. ఇది అసలు ఖర్చు లేకుండా తగ్గే వాటా.

రెండో కారణం చల్లదనం. చల్లటివి తింటే తీపి తక్కువ తెలుస్తుంది. కరిగిన ఐస్‌క్రీమ్ నాలుక మీద వేసుకుంటే వెగటుగా తియ్యగా ఉండటం మీకు అనుభవమే. నాలుక మీద తీపిని పట్టే కణాల్లో టీఆర్‌పీఎం5 అనే ప్రోటీన్ ఉంటుంది. వేడి తగ్గేకొద్దీ దాని పని మందగిస్తుందని 2005లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఐస్ వేసిన కొద్దీ నాలుక మొద్దుబారుతుంది, దానికి తెలిసేలా చెయ్యాలని షర్బత్ పెంచుతారు. పైగా ఐస్ కరిగి పలచన చేస్తుంది, ఇంకో చెంచా పోస్తారు. ఐస్‌లాగే నాలుకను చల్లబరిచే ఐస్‌క్రీమ్ ముద్ద ఈ గ్లాసులో అవసరమే లేదని నా గట్టి అభిప్రాయం. అది తెచ్చే చక్కెర కంటే, అడుగున పొయ్యమనే చక్కెర ఎక్కువ.

ఇక చెయ్యడం. నాలుగు గ్లాసులకి సరిపోయే కొలతలివి.

షర్బత్‌కి 100 గ్రాముల చక్కెర, 120 మి.లీ. నీళ్ళు, పిడికెడు ఎండు గులాబీ రేకులు, చితక్కొట్టిన రెండు ఏలకులు, రంగుకి చిన్న బీట్‌రూట్ ముక్క. రేకులు పొట్లీ మసాలా అమ్మే కొట్లలో దొరుకుతాయి. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపేసి అప్పుడు రేకులు, ఏలకులు, బీట్‌రూట్ వేసి మూతపెట్టాలి. రేకులను మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది, వగరు దిగుతుంది. పావుగంట తర్వాత వడకట్టి చక్కెర కలిపి, కరిగే దాకా వెచ్చచేస్తే చాలు. చల్లారాక చిన్న చెంచాడు గులాబీ నీరు. కొంత నీరు ఆవిరవగా మిగిలేది ఇంచుమించు సమపాళ్ళ పాకం, పెద్ద చెంచాకి 9 గ్రాముల చక్కెర. ఫ్రిజ్‌లోనే ఉంచి వారంలో వాడెయ్యాలి. గులాబీ వాసన బాగా పట్టించడం తమాషాకి కాదు. చిన్నప్పటి నుంచి గులాబీని, ఏలకులను మిఠాయిల్లోనే ఎరిగిన మనకి ఆ వాసన తగిలితేనే తీపి ఒక పాలు ఎక్కువ తోస్తుంది.

పాలకి ఒక లీటరు టోన్డ్ పాలు తీసుకోండి. అందులో వెన్న 3 శాతమే. సన్నటి సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ 700 మి.లీ. అయ్యేదాకా మరిగించండి. పాలల్లో సహజంగా ఉండే ల్యాక్టోజ్ 5 శాతం నుంచి 7 శాతానికి చేరుతుంది. పంచదారతో పోలిస్తే దాని తీపి ఆరో వంతే గానీ, మరిగిన పాల కమ్మదనం తోడయ్యేసరికి విడిగా చక్కెర వెయ్యాలనిపించదు. దించేముందు రెండు వేళ్ళకి అంటినంత ఉప్పు వెయ్యండి. ఉప్పు రుచి తెలియకూడదు. అంత కొద్ది ఉప్పు చేదును అణిచి తీపిని పైకి తెస్తుంది.

సేవ్‌కి పావు కప్పు కార్న్‌ఫ్లోర్, ముప్పావు కప్పు నీళ్ళు. ఉండల్లేకుండా కలిపి, తెల్లటి పిండి అద్దంలా పారదర్శకంగా మారేదాకా పొయ్యి మీద తిప్పి, వేడి తగ్గకముందే జంతికల గొట్టంలో సన్న బిళ్ళ వేసి ఐస్ నీళ్ళలోకి వత్తాలి. ఉడికిన పిండి ఒక్కసారిగా చల్లబడితేనే దారాలు దేనికది బిగుస్తాయి. ఆలస్యమైతే ముద్దకడతాయి.

సబ్జా గ్లాసుకి చిన్న చెంచాడు. నీళ్ళలో 20 నిమిషాలు నానాలి, పొడిగా వేస్తే గొంతుకు అడ్డంపడే ప్రమాదం. నానిన ప్రతి గింజ చుట్టూ బూడిదరంగు జెల్లీ పొర కడుతుంది, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తుంది. ఆ జెల్లీయే ఇక్కడ మనకి ఆసరా. చక్కెర తగ్గడం వల్ల పోయిన చిక్కదనాన్ని అది తిరిగి ఇస్తుంది. అందుకే సబ్జా విషయంలో లోభం వద్దు.

ఇప్పుడు గ్లాసు నింపడం. అడుగున పెద్ద చెంచాడు షర్బత్, ఒక్కటే. దాని మీద సబ్జా, సేవ్. ఫ్రిజ్‌లో చల్లబడ్డ పాలు 150 మి.లీ. చెంచా వెనక మీదుగా మెల్లగా పొయ్యండి. షర్బత్ పాలకంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది. ఐస్ వద్దు. కలపొద్దు. చక్కెరంతా సమంగా కలిసిపోతే ప్రతి గుక్కా ఒకే చప్పటి తీపి, నాలుక దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. అదే చక్కెర ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువగా ఉంటే ప్రతి చెంచాకి నాలుక మళ్ళీ మేలుకుంటుంది. నెదర్లాండ్స్‌లో ఆహార శాస్త్రజ్ఞులు పొరలుపొరలుగా చేసిన జెల్లీలతో ఇదే పరీక్షించారు. చక్కెర మొత్తం మారకపోయినా, పొరల్లో ఎగుడుదిగుడుగా ఉన్నదే ఎక్కువ తియ్యగా తోచింది. బిర్యానీ దేగిశా నుంచి అన్నం, మసాలా కలిపెయ్యకుండా పొరలతో తీసి వడ్డించడంలో ఉన్న రుచి సూత్రమే ఇక్కడా. అందుకే పొడుగు చెంచాతో అడుగుదాకా వెళ్ళి కొంచెం కొంచెంగా పైకి తెచ్చుకుంటూ తినండి.

విడిగా వేసిన చక్కెర ఇప్పుడు 9 గ్రాములు. చార్మినార్ గ్లాసుతో పోలిస్తే అయిదో వంతు.

మరి బెల్లమో తేనో వెయ్యొచ్చా? రుచి కోసం వెయ్యొచ్చు. తగ్గుతుందనుకుంటే పొరపాటు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. తేనెను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా కలిపిన చక్కెర కిందే లెక్కేస్తుంది. చక్కెర లేని తీపి గుళికలను బరువు తగ్గడానికి వాడొద్దని అదే సంస్థ 2023లో సలహా ఇచ్చింది. అది మధుమేహం ఉన్నవారికి వర్తించే సలహా కాదు. ఈ గ్లాసులో వాటి అవసరం రాదనే నేననుకుంటున్నాను.

షుగరు వ్యాధి ఉన్నవారు మాత్రం పైన చెప్పిన 9 గ్రాములతో లెక్క ఆపకూడదు. సేవ్ పిండి కడుపులో గ్లూకోజే అవుతుంది, గ్లాసుకి 7 గ్రాములు. మరిగిన పాలల్లో ల్యాక్టోజ్ మరో పది. వాళ్ళకి సేవ్ సగం చేసి సబ్జా పెంచండి, పాలు చిక్కబడేదాకా మరిగించకుండా 100 మి.లీ. పొయ్యండి, షర్బత్ చిన్న చెంచాడు చాలు. అప్పుడు మొత్తం పిండిపదార్థం 12 గ్రాముల దగ్గర ఆగుతుంది. రోజా ఉన్నవాళ్ళయితే ఇఫ్తార్‌లో తిన్న ఖర్జూరాలను కూడా అందులో కలుపుకుని, డాక్టరు ఇచ్చిన కొలతకి లోబడి తాగాలి.