ట్రక్కు చక్రము మార్చుటలో రైతు పాటింపవలసిన జాగ్రత్తలు

ఎద్దుబండి యిరుసునకు కందెన వేయునప్పుడు మన పెద్దలు చేయుచుండిన పనిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఇద్దరు భుజముపట్టి బండి నెత్తెడివారు. మూడవవాడు వెంటనే క్రింద దుంగ నుంచెడివాడు. అటు తరువాతనే సీల తీసి చక్రమును లాగెడివారు. ఎత్తునది భుజము, మోయునది దుంగ. నేడు ఎడ్లకు బదులు ట్రాక్టరును, భుజమునకు బదులు జాకీయును వచ్చినవి. దుంగను మాత్రము మనము మరచితిమి.

2019వ సంవత్సరము కార్తీక మాసమున మా యన్నగారి కుమారుడు కళ్లమునుండి ధాన్యము తెచ్చుచుండగా పుంతలో ట్రక్కు టైరు పగిలెను. ముందునాడు వాన కురిసియుండెను, నేల నల్లరేగడి. బస్తాలు దింపిన నాలస్యమగునని యతడు నిండు బరువుతోనే జాకీ పెట్టి యెత్తెను. స్టెప్నీని బోల్టులకు తగిలించుచుండగా జాకీ యొక ప్రక్కకు క్రుంగి జారిపోయినది. కుడిచేతి వ్రేళ్లు రెండు పోయినవి. ఆ ట్రక్కులో నున్నవి నలువది బస్తాలు. నలుగురు కూడిన అరగంటలో దింపదగిన సరకు.

లెక్క చూడుడు. బస్తా 75 కిలోల చొప్పున 40 బస్తాలు 3,000 కిలోలు. ట్రక్కు బరువు వేరు. కొంత ట్రాక్టరు కొక్కెమును, కొంత రెండవ చక్రమును మోయగా, జాకీపై 1,500 కిలోలు పడినవనుకొందము. జాకీ యడుగు పది సెంటీమీటర్ల చదరమైనచో చదరపు సెంటీమీటరు నేలపై 15 కిలోల ఒత్తిడి పడును. తడిసిన రేగడి దాని కాగునా? అదే జాకీ క్రింద 45 సెంటీమీటర్ల చదరముగల దళసరి చెక్క నుంచినచో ఆ యొత్తిడి ముప్పాతిక కిలోకు దిగును. జాకీపై ఐదు టన్నులని వ్రాసియున్నది గదా యని ధైర్యము చెప్పువారు కలరు. ఆ యంకె జాకీ బలమును దెలుపునే గాని నేల బలమును దెలుపదు.

నూనె జాకీలో మరియొక మోసము కలదు. చిన్న పంపు తోసిన నూనె పెద్ద ముషలకమును పైకెత్తును. ఆ నూనె వెనుకకు పోకుండ నొక చిన్న కవాటము ఆపుచుండును. కవాటములో దుమ్ము చిక్కినను, లోపలి వాషరు అరిగినను నూనె మెల్లగా జారిపోవును. బరువు చప్పుడు లేకుండ దిగును. జాకీ చుట్టు నూనె చెమ్మ కనబడినచో దానిని బాగుచేయించువరకు వాడరాదు.

పని క్రమము చెప్పెదను. ముందు సరకు దింపుడు. బండిని సమతలమైన గట్టినేలకు మెల్లగా చేర్చుడు. అందువలన టైరు చెడిన చెడనిండు. ట్రక్కును ట్రాక్టరు కొక్కెమునుండి విప్పరాదు. ఇంజను ఆపి, గేరులో నుంచి, బ్రేకు బిగించి, నేలనున్న చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టుడు. చక్రము నేలపై నుండగనే పానాతో నట్లను కొంచెము వదులు చేయవలెను. ఎత్తిన తరువాత బలముపెట్టి లాగినచో బండి యూగి జాకీ ఒరుగును. పిమ్మట చెక్కపై జాకీ నుంచి, యిరుసు క్రింద నిట్టనిలువుగా నానించి, టైరు నేలను విడుచునంతమాత్రమే యెత్తుడు. వెంటనే యిరుసు క్రింద దుంగలను అడ్డముగను నిలువుగను పేర్చి బరువును వానిపైకి దింపుడు. ఇటుకలు పనికిరావు, అవి పగులును. దుంగలు పెట్టినను శరీరము బండి క్రిందికి పోరాదు.

స్టెప్నీ యను మాట మనకు వేల్సు దేశమునుండి వచ్చినది. 1904 ప్రాంతమున లనెల్లీ పట్టణములోని స్టెప్నీ వీధిలో డేవీసు సోదరులు అదనపు చక్రములను చేసి యమ్మిరి. వీధి పేరే వస్తువు పేరైనది. పని ముగియువరకు ఆ స్టెప్నీనో, విప్పిన చక్రమునో బండి చట్రము క్రింద పరుండబెట్టిన మరియొక రక్షణ.

నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. చక్రము నేల నానిన పిమ్మట గట్టిగా బిగింపవలెను. ఇల్లు చేరిన తరువాత మరల నొకసారి చూచుకొనుడు, ఏలయన క్రొత్తగా తగిలించిన చక్రము కుదురుకొనునప్పుడు నట్లు వదులగుట కలదు.

పనిముట్లను అద్దెకిచ్చు సంఘములు జాకీతోపాటు ఒక చెక్కను, నాలుగు దుంగలను కూడ ఇచ్చునట్లు వచ్చు సర్వసభ్య సమావేశమున సభ్యులు అడుగవలెను. తుమ్మకఱ్ఱ ఉన్నచో వడ్రంగికి అది యొక పూట పని.