గోడకు టీవీ.. ముందు ఏం చేస్తారు?

ఇన్‌స్టలేషన్ టెక్నీషియన్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? ‘ఈ గోడకి టీవీ బిగించు’ అనగానే డ్రిల్లు అందుకోకండి! ముందు ఆ గోడ వైపు వెళ్లే ఎంసీబీ ఆపండి. టెస్టర్‌ని కరెంటున్న చోట ఒకసారి పరీక్షించి, ఆ తర్వాతే సాకెట్లో పెట్టి చూడండి. పాడైన టెస్టర్‌ని నమ్మితే 230 వోల్టులకి చెయ్యిచ్చినట్టే. డ్రిల్లుకు వేరే సర్క్యూట్ నుంచి కరెంటు తీసుకోండి.

స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా, కిందా రంధ్రాలు వద్దు. లోపల వైర్లు ఉండొచ్చు. టీవీ పవర్‌కార్డుని గోడలో పూడ్చొద్దు. టీవీ వెనకే సాకెట్ పెట్టించాలి. ఆ వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. హెచ్‌డీఎంఐ కేబుళ్లకి వేరే పైపు వాడాలి.

‘పని వచ్చండీ’ అంటే చాలదు. ఈ వరుస చెప్పండి. ఉద్యోగమే కాదు, ప్రాణమూ నిలుస్తుంది.