న్యాయ పరిశోధనలో చెల్లుబాటు పరిశీలన: వేసవి శిక్షణార్థులకు తొలి పాఠం

వేసవిలో న్యాయవాది కార్యాలయంలో చేరే విద్యార్థికి తరచుగా అప్పగించే పని తీర్పుల అన్వేషణ. తీర్పు దొరకడంతో పరిశోధన ముగియదు. అది నేటికీ చెల్లుతుందా అన్నదే అసలు ప్రశ్న.

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. అయినా ఆ సెక్షన్ కింద కేసుల నమోదు ఆగలేదు. దాని కింద ఎవరినీ విచారించరాదని 2022లో మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. ముద్రిత చట్టప్రతులలో సెక్షన్ పాఠం యథాతథంగా ఉండి, కొట్టివేత విషయం పాదసూచికకే పరిమితం కావడం ఇందుకు ఒక కారణంగా చెప్పబడింది.

కనుక మూడు అంశాలను పరిశీలించాలి. మొదటిది చట్టపాఠం: 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినందున, నేరం జరిగిన తేదీని బట్టి వర్తించే చట్టాన్ని నిర్ణయించాలి. రెండవది తీర్పు తదనంతర చరిత్ర: 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ తీర్పును తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో పుట్టస్వామి కేసులో తోసిపుచ్చింది. మూడవది తీర్పుకు ఆధారమైన సూత్రం: దానిని ప్రాసంగిక వ్యాఖ్యల నుండి వేరుచేయాలి. హెడ్‌నోట్ తీర్పులో భాగం కాదు కనుక పూర్తి పాఠం చదవడం తప్పనిసరి.

పాదసూచికను విస్మరించిన పరిశోధన ఒక వ్యక్తి స్వేచ్ఛనే హరించగలదు.