భోషాణానికి హీరో వేషం!

సినిమా పత్రికలో కర్రపెట్టె గొడవేమిటి గురూ అని విసుక్కోకండి. 'గుండమ్మ కథ' (1962)లో ఎన్టీఆర్, సావిత్రి పప్పు రుబ్బుతుంటే ఆ రుబ్బురోలు కూడా ఓ పాత్రే అనిపించదూ? మా ఇంట్లోనూ అలాంటి పాత్ర ఒకటుంది... అమ్మమ్మనాటి టేకు భోషాణం. మూత మీద ఓ మనిషి హాయిగా పడుకోవచ్చు.

అమ్మమ్మ పోయాక అది మాకొచ్చింది. మాది రెండు గదుల అద్దె ఇల్లు. ఎక్కడ పెట్టను? పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి, "జమీందారు సెట్టుకి భలే ఉంటుందండీ, షూటింగులకి అద్దెకిచ్చుకుంటాను, నాకు అమ్మెయ్యండి" అన్నాడు. ఫ్రీలాన్సు విలేకరి జేబు సంగతి మీకు తెలియందేముంది! నోరూరింది. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. లోపలికెళ్లి భోషాణంలోని పాత చీరలు ఒక్కొక్కటే తీసి మడతపెట్టసాగింది. ఆ మౌనం ముందు సూర్యకాంతం గదమాయింపులు బలాదూర్!

బేరం వదిలేశాను. మా వంటింట్లో గట్టు లేదు. మోకాళ్ల నొప్పులతోనే అమ్మ కింద కూర్చుని కూరలు తరుగుతుంది. ఈ భోషాణమే గట్టయితే?

వడ్రంగి చూసి మూత బిగించేద్దామన్నాడు. ముందు పలకనే కోసి రెండు తలుపులు చేస్తాడట. అమ్మ మోచేతికి నాలుగంగుళాలు కిందుగా పైభాగం ఉండేలా కొలిచి, అడుగున చట్రం బిగించాడు. సన్‌మైకా అంటిస్తానన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు.

పాత రంగు గీకడం దగ్గర మాత్రం జాగ్రత్త! ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం పరిమితి మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. అంతకు ముందటి రంగుల్లో సీసం ఉండొచ్చు. అందుకే ముక్కుకి మాస్కు కట్టుకుని, తడిపి గీకాం. తర్వాత అవిసె నూనె రెండు పూతలు. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, తెలుసా? ఆరుబయట పరిచి ఆరబెట్టాం.

రంగు పోయిన చోట కత్తిగాట్లు బయటపడ్డాయి. అయిదేసి గీతలు, వరసగా. వడ్రంగి చిత్రిక పట్టబోతే అమ్మ అడ్డం పడింది. "ఆగు నాయనా! నా పెళ్లికి బియ్యం కొలుస్తూ మా అమ్మ పెట్టిన లెక్కవి."

ఆ పలక అలాగే ఉంది. ఇప్పుడు అమ్మ నిలబడి దొండకాయలు తరుగుతోంది.

మొన్న వ్యాపారి మళ్లీ వచ్చాడు. అమ్మే వెళ్లి చెప్పింది:

"అది బిజీ ఆర్టిస్టు బాబూ, కాల్షీట్లు లేవు!"